బిందు అడిగిన మాట

బారిడీహ్, జంషెడ్‌పూర్
11 జూన్ 2023

ఒరే పోలరాజూ,

ఎలా ఉన్నావని అడగను. చూడ్డానికి వస్తే కనిపించని మనిషిని ఎలా ఉన్నావని అడగడం ఏమిటి?

నిన్న నువ్వు లోపలే ఉండిపోయావు కాబట్టి బయట సంగతి నేను రాస్తున్నాను. నేనూ నీ కూతురూ మానగో బస్టాండులో మొదటి బస్సు ఎక్కాం. రాంచీలో మారి, మీ జైలు గేటు దగ్గర దిగేసరికి పదకొండు దాటింది. కేసు నడిచినంత కాలం నువ్వు ఈ ఊరి జైల్లోనే ఉన్నావు, ఆటో ఎక్కితే అరగంటలో వచ్చి చూసేవాళ్లం. శిక్ష పడి అంత దూరం పంపాక ఇదే మొదటిసారి రావడం. బిందు దారి పొడుగునా కిటికీ దగ్గరే కూర్చుంది. నీకు ఏమేం చెప్పాలో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

గేటు దగ్గర ములాఖత్ చీటీ నేనే రాశాను. ఆసుపత్రి పర్చీ కౌంటర్లో ఇరవై రెండేళ్లుగా జనం పేర్లు రాస్తున్నదాన్ని, నాకు చీటీ ఒక లెక్కా? పక్కన నలుగురికి కూడా రాసి పెట్టాను. గంటన్నర తర్వాత సిపాయి వచ్చి నాది ఒక్కటే వెనక్కిచ్చాడు. "మిల్‌నా నహీఁ చాహతా" అన్నాడు. నీకు కలవడం ఇష్టం లేదట.

బిందు అతన్ని అడిగింది, కూతురు వచ్చిందని చెప్పారా అని. చెప్పానన్నాడు. ఆ పిల్ల కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి, "చలియే అత్తా, బస్ ఛూట్ జాయేగీ" అంది, పద అత్తా, బస్సు తప్పిపోతుందని. దానికి పదహారేళ్లు. వాళ్లమ్మ పోయినప్పుడు కూడా ఇలాగే మొహం కడుక్కుంది, నీకు గుర్తుందో లేదో.

ఎందుకు రాలేదో రాయి. సాకులు వద్దు. బిందు పదోక్లాసు మంచి మార్కులతో పాసయి సైన్సులో చేరింది. దానికి తెలుగు మాట్లాడ్డమే గానీ రాయడం రాదు కాబట్టి హిందీలో రెండు ముక్కలు రాసింది, ఇందులో పెడుతున్నాను.

నీ మీద కోపంగా ఉన్న
అప్ప గౌరీదేవి

*

22 జూలై 2023

అప్పకి నమస్కారాలు.

నీ ఉత్తరం జూన్‌లోనే ఇక్కడికి చేరిందట, నా చేతికి వచ్చింది మొన్న. బయటి నుంచి వచ్చే ప్రతి ఉత్తరం ఇక్కడ ఒక సారు చదవాలి. నీది తెలుగు. ఎవరికి చూపించినా తల తిప్పేశారు. చివరికి ఆయన నన్నే పిలిపించి, "ఇదేం భాషో నువ్వే హిందీలో చదివి వినిపించు" అన్నాడు.

నువ్వు ఒరే అని మొదలుపెట్టావు. దాన్ని హిందీలో ఎలా చెప్పాలో తెలియక ప్రియమైన తమ్ముడా అన్నాను. నాలుగు వాక్యాలు అలాగే మెత్తగా చదివాను. సారు నా మొహం చూసి, "మీ అక్క ఇంత ప్రేమగా రాస్తే నీకీ చెమటలేమిటి?" అన్నాడు. ఇక దాచడం చేతకాక ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆయన మొదట నవ్వాడు. కుళాయి దగ్గరికొచ్చేసరికి నవ్వడం ఆపేసి, చాల్లే తీసుకెళ్లు అన్నాడు.

సాకులు వద్దన్నావు కాబట్టి నిజం రాస్తాను. ఆ ఊరి జైల్లో ఉన్నప్పుడు నా చొక్కా, నా ప్యాంటూ వేసుకునేవాణ్ణి. ఇక్కడ గుండె మీద నంబరున్న బట్టలు. తల కూడా అప్పుడే గొరిగించారు. కూతురు వచ్చిందని సిపాయి చెప్పగానే లేచాను. తలుపు దాకా వచ్చాను. అవతల ఇనప జాలీ కనిపించింది. ఆ జాలీ వెనక బిందు నన్ను చూడటం నాకు వద్దనిపించింది. అంతే.

దాన్ని ఇక తీసుకురావద్దు. అదీ రావాలని అనుకోవడం లేదేమో. రెండు ముక్కలు అన్నావు, నిజంగానే రెండే. 'పాపా, నేను బాగున్నాను. మీ ఆరోగ్యం జాగ్రత్త.' బ్యాంకు వాళ్లు కూడా ఇంతకంటే ఎక్కువే రాస్తారు. దాన్ని తప్పుపట్టను. జైల్లో ఉన్న తండ్రికి ఏం రాస్తుంది?

నా సంగతి వదిలెయ్. నీతో వేరే పని పడింది. మా బ్యారక్‌లో బాలాజీ అని ఒకడున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. టెక్కలి దగ్గర నీలాపురం వాడు. లారీ డ్రైవరు. మొదటిసారి ఇటు లోడు తెచ్చి, హైవే మీద మోటారుసైకిల్‌ని గుద్దాడు. మనిషి బతకలేదు. బెయిలు ఎప్పుడో ఇచ్చారు, జామీను నిలబడే దిక్కు లేక పద్నాలుగు నెలలుగా ఇక్కడే పడున్నాడు. నేను వచ్చేదాకా అతనితో తెలుగులో మాట్లాడినవాడే లేడు. నేను మొదటిరోజు పలకరిస్తే, "అన్నా, నువ్వు మనోడివేటి? మల్లీ ఒకసారి మాటాడు," అన్నాడు.

అతని భార్య పేరు దాలమ్మ. జైలు ఫోన్ నుంచి ఆమె నంబరుకి చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తి, ఇంకోసారి చెయ్యొద్దని పెట్టేసిందట. "అది ఒద్దనుకున్నాదన్నా. గొంతు కూడా మార్సి మాటాడింది," అంటాడు. నాకెందుకో నమ్మకం కుదరడం లేదు. నువ్వు తలుచుకుంటే కనుక్కోగలవు.

నీ తమ్ముడు
పోలరాజు

*

బారిడీహ్
10 సెప్టెంబర్ 2023

పోలరాజూ,

ముందుగా ఈ ఉత్తరం వింటున్న సారుగారికి నమస్కారం. మా తమ్ముడు మళ్లీ మెత్తగా చదివితే మందలించండి. ఇది కూడా హిందీలో సరిగ్గా చెప్పు, ఇక సంగతికి వస్తాను.

దాలమ్మ దొరికింది.

నీలాపురం సచివాలయానికి ఒక ఉత్తరం రాశాను, జవాబు లేదు. ఊరుకోలేదు. ఇక్కడ మన శ్రీకాకుళం వాళ్ల ఇళ్లన్నీ తిరిగి ఎవరు టెక్కలి వైపు వెళ్తున్నారా అని ఆరా తీశాను. ఫౌండ్రీలో పనిచేసి రిటైరైన ఆదిబాబు గారు మేనకోడలి పెళ్లికి వెళ్తున్నారని తెలిసింది. ఆయన చేతిలో బాలాజీ పేరు, తండ్రి పేరు, ఊరు రాసిన కాగితం పెట్టాను. పెళ్లయిన మర్నాడే ఆయన ఆటో కట్టించుకుని వెళ్లి, ఆ ఇంటి అరుగు మీద కూర్చుని నాకు ఫోన్ చేసి దాలమ్మకిచ్చారు.

"అమ్మా, నీ పెనిమిటి బతికే ఉన్నాడు, ఇక్కడ జైల్లో ఉన్నాడు" అన్నాను.  ఆమె అంది: "ఓలమ్మ! జైల్లోనేటి? లారీ ఓనరు ఏటన్నాడంటే, బండి ఒగ్గేసి ఎవుల్తోనో ఎల్లిపోనాడని. నాను ఏడాదిగా ఆడ్ని తిట్టని రోజు లేదు తల్లీ."

ఫోన్ సంగతి అడిగాను. "ఆ పోను నీల్లల్లో పడిపోనాది. మల్లీ ఆ నెంబరు ఏయించలేదు. ఏ మొకం పెట్టుకుని సేత్తాడులే అనుకున్నాను," అంది. ఆ నంబరు కంపెనీ వాళ్లు ఇంకెవరికో ఇచ్చేశారు. బాలాజీని ఇంకోసారి చెయ్యొద్దన్నది ఎవరో ఊరూపేరూ తెలియని మనిషి. గొంతు మార్చుకోవడం కాదు, గొంతే వేరు. ఈ ముక్క అతనికి ఇప్పుడే చెప్పు, ఉత్తరం చదవడం పూర్తయ్యేదాకా ఆగకు.

ఆమె ఇంత దూరం వెంటనే రాలేదు. చంకలో చంటిపిల్ల. అందుకని వీడియో ములాఖత్‌కి పేరు ఎక్కించాను. ఆమె ఆధార్ కాగితం ఫోటో తెప్పించి, బిష్టుపూర్‌లో కంప్యూటర్ దుకాణంలో కూర్చుని ఫారం నింపాను. సెప్టెంబర్ ఇరవై మూడు, శనివారం పదకొండున్నర. ఆ వేళకి టెక్కలిలో మీసేవలో కూర్చోమని దాలమ్మకి చెప్పాను. బాలాజీ గడ్డం గీసుకుని సిద్ధంగా ఉండాలి.

బిందు బాగా చదువుకుంటోంది. దాని గురించి నువ్వు బెంగపడక్కర్లేదు, నేనున్నాను.

అప్ప

*

8 అక్టోబర్ 2023

అప్పా,

సారు నీ నమస్కారం అందుకున్నాడు. నువ్వు చెప్పినట్టే సగంలో ఆగి బాలాజీకి ఫోన్ సంగతి చెప్పడానికి వెళ్తానంటే, "పరిగెత్తు" అన్నాడు.

బాలాజీ నమ్మలేదు. రెండు వారాలు గొణుగుతూనే ఉన్నాడు. ఇరవై మూడో తారీకు పిలుపు వచ్చాక మంచం దిగనన్నాడు. "నాను రానన్నా. ఈ సిరిగిన బట్టల్తోటి దానికేటి కనబడతాను? సచ్చిపోనాడని అనుకుంటే అదే మేలు," అన్నాడు. అప్పా, ఆ మాట వింటుంటే నన్ను ఎవరో నా గొంతుతోనే వెక్కిరిస్తున్నట్టు అనిపించింది. చెయ్యి పట్టి లాక్కెళ్లాను. అతనికి కంప్యూటర్ తెలియదని చెప్పి నన్నూ పక్కన నిలబడనిచ్చారు.

దాలమ్మ కనిపించగానే తిట్టడం మొదలుపెట్టింది. "ఏరా, ఒక ఉత్తరం ముక్క రాయలేకపోనావేటి? సేతులు పడిపోనాయేటి?" అని ఐదు నిమిషాలు ఆగకుండా తిట్టింది. బాలాజీ తల వంచుకుని నిలబడ్డాడు. ఉన్నట్టుండి ఆమె ఆగి, చంకలో పిల్లని ముందుకు పెట్టి, "ఇది నీ కూతురు. నువ్వెల్లిన నాలుగో నెల పుట్టింది," అంది. ఆ పిల్ల తెర మీద చెయ్యేసి గట్టిగా నవ్వింది. బాలాజీ నేల మీద కూర్చుండిపోయాడు. ఉన్న టైమంతా అయిపోయాక సిపాయి కూడా తొందరపెట్టలేదు.

వెనక్కి నడుస్తూ అడిగాను, నీ బట్టలు చూసి ఏమైనా అందా అని. "బట్టలేటన్నా?" అన్నాడు. అతనికే గుర్తు లేదు.

అప్పా, నేను జూన్‌లో చేసింది తప్పు. బిందుని అడుగు, వస్తుందేమో. సిగ్గుపడుతుంటే బలవంతం చెయ్యకు. రెండు లైన్లయినా సరే మళ్లీ రాయమను.

పోలరాజు

*

బారిడీహ్
29 అక్టోబర్ 2023

పోలరాజూ,

ఈ ఉత్తరం రాయడానికి నాకు వారం పట్టింది. నాకు అలవాటు లేని పని చెయ్యాలి.

జూన్‌లో బిందు నీకు రాసింది రెండు లైన్లు కాదు, నాలుగు పేజీలు. జైలు నుంచి తిరిగొచ్చిన రోజే కూర్చుని రాసింది. నేను చదివాను. అందులో ఒకచోట నిన్ను ఒక మాట అడిగింది. ఆ మాట నీకు చేరకూడదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. నాలుగు పేజీలూ బీరువాలో చీరల కింద పెట్టి, "పాపా మనసు కష్టపెట్టకు, రెండు ముక్కలు మామూలుగా రాసియ్యి, మిగతావి తర్వాత పంపుదాం" అన్నాను. అది నా మాట విని రాసిచ్చింది. నువ్వేమో అది సిగ్గుపడుతోందనుకున్నావు. నీ జూలై ఉత్తరం చూశాక అయినా నేను చెప్పాల్సింది. చెప్పలేదు. నిన్ను పిరికివాడని తిట్టే నోరు నాదే కాబట్టి.

పోయిన ఆదివారం శీతాకాలం దుప్పట్లు తీస్తూ బిందు వాటిని చూసింది. నేను అవి తర్వాత నీకు పంపేశాననుకుని నాలుగు నెలలుగా నీ జవాబు కోసం ఎదురుచూస్తోంది పాపం, నువ్వు చదివి కూడా ఊరుకున్నావని అనుకుంటోంది. నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు టిఫిన్ డబ్బా సర్దుకుంటూ నా వైపు చూడకుండా అంది: "అత్తా, జైలర్ ఆప్ హైఁ క్యా?"

ఇంట్లో జైలర్ మీరేనా అని. ఒరే, నన్ను ఈ ఊళ్లో అంత మాట ఎవరూ అనలేదు. అనిపించుకోవాల్సిన పనీ నేనెప్పుడూ చెయ్యలేదు, ఇది తప్ప. "అవునే, నేనే. తప్పయింది" అన్నాను. అది డబ్బా మూత పెట్టి స్కూలుకి వెళ్లిపోయింది. సాయంత్రం వచ్చి నా పక్కనే కూర్చుని తింది, అంతే.

నాలుగు పేజీలూ ఇందులో ఉన్నాయి. హిందీలో ఉన్నాయి కాబట్టి నువ్వు చదివి వినిపించక్కర్లేదు, సారుగారే చదువుకుంటారు. జవాబు నీ ఇష్టం.

గౌరి

*

26 నవంబర్ 2023

అప్పా,

సారు చదివి కాగితాలు మడిచి నా చేతికిచ్చాడు.  సాయంత్రం దుప్పట్లు నేసే షెడ్డు దగ్గర కనిపించి, తనకీ ఇద్దరు ఆడపిల్లలే అన్నాడు.

నీ మీద నాకు కోపం రాలేదు. వస్తుందనే అనుకున్నాను, రాలేదు. బిందుది నీ పెంపకం అప్పా, నిలదీయడం నీ దగ్గరే నేర్చుకుంది.

మూడు పేజీల నిండా స్కూలు కబుర్లే. క్లాసులో అందరికీ, 'మా నాన్న జైల్లో ఉన్నారు' అని తనే చెప్పేసిందట, వేరేవాళ్లు గుసగుసలాడకముందే. నాలుగో పేజీలో ఆ మాట ఉంది. 'పాపా, ఆ సూపర్‌వైజర్‌ని మీరు కావాలని తోశారా? కోర్టులో కాలు జారిందన్నారు. నాకు మీరు చెప్పండి.'

దీనికి ఉత్తరంలో జవాబు రాయను. ఎదురుగా చెప్తాను. జనవరి ఆరున తీసుకురా. లోపలికి మాత్రం బిందుని ఒక్కదాన్నే పంపు. నువ్వు గేటు లోపలి బెంచీ మీద కూర్చో. కోపం తెచ్చుకోకు, అడుగుతున్నాను.

పోలరాజు

*

8 జనవరి 2024

అప్పా,

బస్సులో అది నీకేం చెప్పిందో తెలియదు. నేను చెప్పింది నీకూ తెలియాలి. ఈ ఉత్తరం బయటికి పోయే ముందు సారుకి కూడా చదివి వినిపిస్తాను. హైకోర్టులో అప్పీలు వద్దని వకీలుకి చెప్పేశాను, కాబట్టి దాచాల్సిన పని లేదు.

బిందు పొడుగైంది. జాలీకి అవతల నిలబడి నా తల చూసి, "బాల్ కబ్ ఆయేంగే?" అంది. జుట్టు ఎప్పుడొస్తుందని. నవ్వాను. తర్వాత అది నవ్వలేదు. "పాపా, మేరా సవాల్," అంది, నా ప్రశ్న సంగతేమిటని.

చెప్పాను. ఆ రోజు గోదాములో ఆ సూపర్‌వైజరు చనిపోయిన బిందు వాళ్లమ్మ గురించి ఒక నీచమైన మాట అన్నాడు. నేను రెండు చేతులూ ఎత్తి ఆయన గుండెల మీద తోశాను. కావాలనే తోశాను. నా కాలు జారలేదు, ఎవరి కాలూ జారలేదు. వెనక ప్లాట్‌ఫారం అంచు ఉందని నాకు తెలుసు, రోజూ అక్కడే పనిచేశాను. ఆయన చావాలని అనుకోలేదు. కానీ ఆ క్షణంలో పడితే పడనీ అనుకున్నాను. తల ఇనప పట్టాకి తగిలింది. రెండు రోజులకి పోయాడు. కాలు జారిందని చెప్పమన్నది వకీలు. చెప్పింది నేను. నీకూ అదే చెప్పాను అప్పా.

 ఇంకా పది నిమిషాలు టైముంది. బిందు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. పిలిచాను, ఆగలేదు.

అది ఇక రాదు. రాకపోయినా దానికి నిజం చెప్పాను. నీ దగ్గర మాత్రం తల ఎత్తలేకపోతున్నాను.

పోలరాజు

*

బారిడీహ్
28 జనవరి 2024

పోలరాజూ,

ముందు బిందు సంగతి. అది నిన్ను వదిలి వెళ్లిపోలేదు. పరిగెత్తుకుంటూ వచ్చి కుళాయి పక్కన వాంతి చేసుకుంది. నీళ్లు తాగి మళ్లీ లోపలికి వెళ్లబోతే టైమైపోయిందని ఆపేశారు. "మా నాన్న నేను వెళ్లిపోయాననుకుంటారు, ఒక్క మాట చెప్పండి" అని అక్కడున్న సిపాయిని బతిమాలింది. అతను చెప్పాడో లేదో తెలియదు. నీ ఉత్తరం చూస్తే చెప్పలేదనే అర్థమైంది.

 రాంచీలో బస్సు మారేచోట టీ తాగుతూ అంది, "ఉన్హోఁనే ఝూఠ్ నహీఁ బోలా." అబద్ధం చెప్పలేదని. ఏం చెప్పావో మాత్రం నాకు చెప్పలేదు. అది నాన్న చెప్పాల్సింది అంది.

ఇక నా సంగతి. నీ ఉత్తరం చదివి రెండు రోజులు డ్యూటీకి వెళ్లలేదు. కాలు జారిందని నేను చెప్పని ఇల్లు ఈ పేటలో లేదు. అంతటితో ఆగానా? కేసు నడుస్తున్నప్పుడు గోవింద్‌పూర్‌లో ఆ సూపర్‌వైజరు ఇంటికి వెళ్లి, ఆయన భార్య ఎదురుగా నిలబడి, మా తమ్ముడు కావాలని చెయ్యలేదు, కాలు జారింది అని చెప్పి వచ్చాను. ఆమె అప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు. మొగుడు పోయిన బాధలో ఉందనుకున్నాను.

నిన్న మళ్లీ వెళ్లాను. ఎవరూ వెళ్లమనలేదు, వద్దని చెప్పేవాళ్లని అడగలేదు కూడా. ఆమె తలుపు తీసింది. "నేను అప్పుడు మీకు చెప్పింది నిజం కాదు. అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. కాలు జారలేదు. మా వాడు తోశాడు" అని హిందీలో గుమ్మం బయటే నిలబడి చెప్పాను.

ఆమె, "ముఝే మాలూమ్ హై" అంది. తనకి తెలుసట. అక్కడ పనిచేసినవాళ్లు ఆ రోజే చెప్పారట. "మీరు వచ్చి కాలు జారిందన్నప్పుడు, నా మొగుడి చావుకి కనీసం నిజమైన కారణమైనా నాకు మిగల్చరా అనిపించింది" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. కానీ లోపలికి పిలిచి కుర్చీ చూపించింది. పావుగంట కూర్చున్నాను. ఆయన నవ్వితే ఎలా ఉండేవాడో చెప్పింది. నీకు తెలిసిన మనిషేగానీ నీకు తెలియని సంగతులు. కలిసినప్పుడు చెప్తాను, వినాలి నువ్వు.

తల ఎత్తలేకపోతున్నానని రాశావు. ఎత్తు. నిజం చెప్పినవాడితో మాట్లాడటం నాకు తేలిక. మార్చి రెండున ఇద్దరం వస్తున్నాం. ఈసారి నన్నూ లోపలికి రానియ్యి.

అప్ప

*

24 మార్చి 2024

అప్పా,

మొన్న శుక్రవారం బాలాజీ వెళ్లిపోయాడు.

డబ్బు తీసుకోకుండా ఖైదీల కేసులు చూసే వకీలు ఒకాయన, దాలమ్మ పంపిన కాగితాలన్నీ కోర్టులో పెట్టాడు. దాలమ్మ వాళ్లన్న వచ్చి జామీను నిలబడ్డాడు. దాలమ్మ కూడా వచ్చింది. కేసు ఇంకా ఉంది, తారీకులకి రావాలి, కానీ ఇల్లు చూడబోతున్నాడు. పొద్దున్న నుంచి ఒక్కచోట నిలబడలేదు. "అన్నా, పిల్ల నన్ను సూసి ఏడిత్తాదేటి?" అని పదిసార్లు అడిగాడు. ఏడుస్తుంది, కొత్త కదా, రెండు రోజుల్లో సర్దుకుంటుంది అన్నాను. గేటు దగ్గర పిల్ల నిజంగానే ఏడ్చిందట. "సెప్పినాడు మా అన్న, సెప్పినాడు" అంటూ నవ్వాడని సిపాయి వచ్చి చెప్పాడు.

బ్యారక్‌లో తెలుగు లేకుండా పోయింది. మొదటి రోజు కొంచెం కష్టమనిపించింది. మర్నాడు ఉత్తరాలు చదివే సారు పిలిచి, ఒడిశా వైపు నుంచి ఒకడు వచ్చాడు, వాడి మాట నీకేమైనా తెలుస్తుందా అన్నాడు. సగం తెలిసింది. ఊరు ఏదో, ఇంట్లో ఎవరున్నారో అడిగి రాసుకున్నాను. కాగితం దీంతో పెడుతున్నాను. అక్కడ ఒడియా వాళ్లెవరైనా నీకు తెలిసే ఉంటారు.

పోయిన ములాఖత్‌లో నువ్వు ఆ సూపర్‌వైజరు గురించి చెప్పినవి రోజూ తలుచుకుంటున్నాను. బరువుగా ఉంటుంది. అయినా ఇంతకు ముందులా లేదు, నిద్ర పడుతోంది.

పోలరాజు

*

బారిడీహ్
2 ఫిబ్రవరి 2025

పోలరాజూ,

సారుగారు బదిలీ అయి వెళ్లారని రాశావు. కొత్తగా వచ్చిన మేడంగారికి నమస్కారం. ఆవిడకీ ఒరే అనే చదువు.

ఖైదీల ఇళ్లవాళ్లకి చీటీలూ ఉత్తరాలూ రాసిపెట్టే మా ఆదివారం బల్ల బాగా నడుస్తోంది. తెలుగు సంఘం వాళ్లు లైబ్రరీ గదిలో ఇచ్చిన మూలలో ఇప్పుడు తెలుగువాళ్ల కంటే వేరేవాళ్లే ఎక్కువ. పోయిన వారం సోనీ అని ఒకమ్మాయి వచ్చింది. మొగుడు లోపలికి వెళ్లి ఎనిమిది నెలలైంది, ఒక్కసారీ చూడలేదు. ఎందుకమ్మా అంటే, "అత్తగారి వాళ్లు చీటీలో నా పేరు రాయనివ్వడం లేదు" అంది. చీటీలో పేరు రాయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని చెప్పి, దాని చేతనే రాయించాను. ఆధార్ ఫోటో తీయడం, ఫోన్‌లో ఫారం నింపడం బిందు చేస్తుంది. ఉత్తరం మాత్రం ఎవరిది వాళ్లే చెప్పాలి, మేం ఒక్క ముక్క కలపం, ఒక్క ముక్క తీయం. ఆ నియమం బిందు పెట్టింది. గోడ మీద మూడు భాషల్లో రాసి అంటించింది కూడా. దాన్ని చూసినప్పుడల్లా కొంచెం గుచ్చుకుంటుంది, ఫర్వాలేదు.

పోయిన నెలతో దానికి పద్దెనిమిది నిండాయి. పరీక్షలు దగ్గర పడ్డాయి, అయినా ఈ శనివారం వస్తానంటోంది. నేను రావడం లేదు.

ఒంట్లో బాగాలేక కాదు, కంగారుపడకు. నేనే టిక్కెట్లు రెండు తెస్తానంటే వద్దంది. "అత్తా, నువ్వుంటే నాన్న నీతోనే మాటాడతాడు. నాకు టైం మిగల్దు," అంది. అది హిందీలో కాదు, మన మాటలో అంది. 

కాబట్టి శనివారం మొదటి బస్సుకి దాన్ని ఎక్కించి నేను ఇంటికి వచ్చేస్తాను. ఒళ్లంతా నూనె రాసుకుని తలంటుకుంటాను. ఎన్నో నెలలకి నాకొక సెలవు. మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారని దాన్ని అడగను. నువ్వూ నాకు రాయక్కర్లేదు. నాకు చెప్పాల్సినవి ఉంటే నాకు రాయి. దానికి చెప్పాల్సినవి దానికే చెప్పు.

నీ అప్ప
గౌరీదేవి